అభిమానధనుడు: కవిత్రయ భారతంలో దుర్యోధనుని అభిమానం - బలం, దోషం

వ్యాససంగ్రహం:

దుర్యోధనుడు అభిమానధనుడిగా ప్రసిద్ధుడు. అతడి పాత్రకు శోభనిచ్చింది ఆ అభిమానమే, వినాశానికి దారితీసిందీ అదే. ఆంధ్రమహాభారతంలోని మయసభ, ఘోషయాత్ర, మడుగు ఘట్టాల ఆధారంగా ఈ ద్వంద్వస్వభావాన్ని పరిశీలించడం, ద్రౌపది అభిమానంతో పోల్చి దాని హద్దులను గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అభిమానం, అహంకారం, దుర్యోధనుడు, ద్రౌపది, కవిత్రయం, పాత్రచిత్రణ.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారి వాడుకలో 'అభిమానం' పలు ఛాయలున్న మాట. ఒకరిపై గల ఆప్యాయత అభిమానం. తన మర్యాదను తాను నిలుపుకోవడం కూడా అభిమానమే. అది హద్దు మీరితే దురభిమానం. శాస్త్రాల్లోనూ ఈ వైవిధ్యం కనిపిస్తుంది. ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారిక అహంకారానికి లక్షణంగా అభిమానాన్నే చెప్పింది. భోజుడు శృంగారప్రకాశంలో అభిమానాహంకారాలను శృంగారంతో ఏకం చేసి రసమూలంగా ప్రతిపాదించాడు. ధనంజయుడి దశరూపకం ధీరోదాత్త నాయకుణ్ణి 'నిగూఢాహంకారుడు' అన్నది. దర్పమాత్సర్యాలు అధికంగా గలవాడిని ధీరోద్ధతుడిగా పేర్కొంది. అంటే ఉదాత్త నాయకుడికి అహంకారం ఉండకూడదని ధనంజయుడు చెప్పలేదు. అది వినయం చాటున అణిగి ఉండాలన్నాడు. కాబట్టి ఒక పాత్రకు అభిమానం ఉందా లేదా అన్నదానికంటే, అది దేనిని ఆశ్రయించి నిలిచిందన్నదే విమర్శకు ముఖ్యమైన ప్రశ్న.

ఎన్.టి. రామారావు దర్శకత్వంలో 1977లో వచ్చిన 'దానవీరశూరకర్ణ' చిత్రం దుర్యోధనుణ్ణి ఆత్మగౌరవమూర్తిగా జనహృదయంలో నిలిపింది. ఆ సానుభూతి సమంజసమేనా అన్నది తేలాలంటే కావ్యాన్ని మళ్లీ పరిశీలించాలి. పరిశీలనకు తీసుకున్న మూడు ఘట్టాల్లో సభాపర్వంలోనిది నన్నయ రచన, అరణ్యపర్వశేషంలోనిది ఎఱ్ఱన రచన, శల్యపర్వంలోనిది తిక్కన రచన.

2. మయసభ - ఇతరుల చూపులో చిక్కుకున్న అభిమానం:

రాజసూయానికి వచ్చిన దుర్యోధనుడికి ధర్మరాజు కానుకలు స్వీకరించే పని అప్పగించాడు. అది గౌరవమే. కానీ జ్ఞాతుల వైభవాన్ని తన చేతులతోనే అందుకొని లెక్కించవలసి రావడం అతడికి యాతన అయింది. ఆ తరువాత మయసభలో నేలను నీరనుకొని, నీటిని నేలనుకొని భంగపడ్డాడు. చూసినవారు నవ్వారు. తడిసినవాడికి ధర్మరాజు వస్త్రాలు ఇప్పించాడు. ఆ మర్యాద సైతం అవమానానికి కొనసాగింపుగానే అతడికి తోచి ఉంటుందనడానికి తరువాతి కథే సాక్ష్యం.

ఇక్కడ దుర్యోధనుడి అభిమానం పూర్తిగా ఇతరుల చూపు మీద ఆధారపడింది. పాండవులు మెచ్చితే అతడు రాజు, నవ్వితే రాజు కాడు. ఇంద్రప్రస్థంలో పొందిన భంగానికి ప్రతీకారంగా శకుని పాచికలను ఆశ్రయించాడు. శౌర్యాన్ని నమ్ముకున్నవాడు యుద్ధానికి పిలిచేవాడు. జూదానికి పిలవడంలోనే అతడి అభిమానం తన బలాన్ని తాను నమ్మలేదని స్పష్టమవుతుంది.

3. ద్రౌపది - ప్రశ్నగా మారిన అభిమానం:

అదే పర్వంలో మరొక సభ, మరొక అవమానం ఉన్నాయి. దుర్యోధనుడు పొందింది పరిహాసం. ద్రౌపది పొందింది పరాభవం. తీవ్రతలో రెండింటికీ సామ్యం లేదు. అయినా ద్రౌపది మొదట లేవనెత్తింది ధర్మసందేహాన్ని. తనను తాను ముందే ఓడిపోయిన భర్తకు తనను పణంగా పెట్టే అధికారం ఉందా అన్నది ఆమె ప్రశ్న. ఆ ప్రశ్న ఆమె ఒక్కతెది కాదు. సభలోని పెద్దలందరి ధర్మజ్ఞానాన్ని అది పరీక్షకు నిలిపింది. భీష్ముడంతటివాడు సమాధానం తేల్చలేకపోయాడు. వికర్ణుడు శత్రుపక్షం నుంచే ఆమెకు మద్దతు పలికాడు.

ధృతరాష్ట్రుడు వరాలిచ్చినప్పుడు ఆమె భర్తల దాస్యవిముక్తి కోరి, రెండింటితో ఆగింది. మూడవదాన్ని నిరాకరించింది. అభిమానానికి హద్దు తెలియడమంటే ఇదే. సంధి సమయంలో సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్న దుర్యోధనుడి మొండితనాన్ని దీని పక్కన ఉంచితే భేదం తెలుస్తుంది. ఆమెకు ఎక్కడ ఆగాలో తెలుసు; అతడికి తెలియదు.

4. ఘోషయాత్ర - చేజారిన అవకాశం:

అడవిలో ఉన్న పాండవులకు తన వైభవం చూపాలని ఆలమందల నెపంతో బయలుదేరిన దుర్యోధనుడు గంధర్వులకు బందీ అయ్యాడు. ఆపదలో ఉన్న జ్ఞాతిని కాపాడటం ధర్మమని ధర్మరాజు తమ్ముళ్లను పంపి విడిపించాడు. శత్రువు పెట్టిన ప్రాణభిక్షను భరించలేక దుర్యోధనుడు రాజ్యం దుశ్శాసనుడికి అప్పగించి ప్రాయోపవేశానికి పూనుకున్నాడు.

ఈ నిర్వేదంలో అసత్యం లేదు. జీవితంలో మొదటిసారిగా తన అల్పత్వాన్ని అతడు ఎదురుగా చూశాడు. అభిమానం ఆత్మపరిశీలనగా మారగల క్షణం ఇదే. కానీ కర్ణుడు, శకుని నచ్చజెప్పారు. దానవులు అతణ్ణి పాతాళానికి రప్పించి గెలుపు నీదేనని భరోసా ఇచ్చారు. గాయం మానకుండానే దాని మీద పొగడ్త పూత పడింది. అభిమాని పతనానికి అవమానించేవారి కంటే ఊరడించేవారే ఎక్కువ కారణమవుతారని ఈ కథాభాగం సూచిస్తుంది.

5. మడుగు - బలంగా నిలిచిన అభిమానం:

పదకొండు అక్షౌహిణులు నశించాక దుర్యోధనుడు ద్వైపాయన హ్రదంలో దాగాడు. ధర్మరాజు ఎత్తిపొడుపులకు బదులిస్తూ, ఆప్తులు లేని ఈ నేల తనకు అక్కరలేదని, అతడినే ఏలుకొమ్మని అన్నాడు. దానంగా తీసుకోనని ధర్మరాజు తిరస్కరించాడు. ఆపైన తమ ఐదుగురిలో ఎవరినైనా, ఏ ఆయుధంతోనైనా ఎదుర్కొని గెలిస్తే రాజ్యం నీదేనన్నాడు. శాంతమూర్తిలోనూ అభిమానం ఎంతటి సాహసానికి తెగిస్తుందో ఇక్కడ కనిపిస్తుంది. ఇది మళ్లీ జూదమేనని వ్యాసభారతంలో శ్రీకృష్ణుడు మందలించడం గమనార్హం.

దుర్యోధనుడు నకులుణ్ణో సహదేవుణ్ణో కోరుకోవచ్చు. కోరుకోలేదు. గదను ఎంచుకొని, ప్రత్యర్థిని ఎంచుకొనే అవకాశాన్ని ఎదుటివారికే వదిలేశాడు. మెప్పించవలసిన సభ, ఊరడించే మిత్రులు లేనిచోట అతడి అభిమానం మొదటిసారిగా అతడి సొంత విలువ మీద నిలిచింది. అతడు నిజంగా అభిమానధనుడైన క్షణం ఇది. అయితే ఆ ఔన్నత్యం నిలవలేదు. తొడలు విరిగి పడి ఉన్నప్పుడు అశ్వత్థామను సేనాపతిని చేశాడు. ఫలితం ఉపపాండవుల నిద్రాసంహారం. కడపటి గెలుపు తనదే కావాలన్న కోరిక మయసభనాటి పాతరోగమే.

6. ముగింపు:

కవిత్రయ భారతంలో దుర్యోధనుడి అభిమానం మొదటినుంచి చివరిదాకా ఒకటే. మారింది దాని ఆధారం. ఇతరుల నవ్వు మీద, జ్ఞాతుల సంపదతో పోలిక మీద ఆధారపడినప్పుడు అది దోషం. లాభం ఆశించక, తాను నమ్మిన విలువను ఆశ్రయించినప్పుడు అది బలం. ద్రౌపది అభిమానం ధర్మాన్ని ప్రశ్నించి, హద్దు తెలిసి ఆగింది. దుర్యోధనుడిది మడుగు ఒడ్డున మాత్రమే ఆ స్థాయిని తాకింది. స్వర్గారోహణపర్వంలో అతణ్ణి స్వర్గంలో చూసి ధర్మరాజు సహించలేకపోయాడు. వెనుదీయక పోరాడి మరణించిన వీరుడికి దక్కిన లోకమది. ఆ స్వర్గాన్ని చూపి మయసభ తరువాతి కుట్రను సమర్థించడం కావ్యసమ్మతం కాదు.

ఆత్మగౌరవాన్ని, పట్టుదల పేరిట సాగే పగను ఒకే మాటతో పిలుస్తున్న కాలంలో ఈ పాత్ర పాఠ్యాంశంగా తరగతి గదిలోకి వస్తూనే ఉంటుంది. 'అభిమానధనుడు' అన్న విశేషణాన్ని విద్యార్థికి అందించే అధ్యాపకుడు, ఆ ధనం దేనికి వ్యయమైందో కూడా చెప్పినప్పుడే పాత్రచిత్రణ సమగ్రంగా బోధపడుతుంది.