కొత్త చిల్లు వేయని చెయ్యి

బోనెట్ ఎత్తగానే ముందు కనబడేది ఇంజిన్ కాదు, ఖాళీ. రెండు పక్కలా మోచేతి దాకా చెయ్యి దూరేంత చోటు. రేడియేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య జానెడు పైనే. విశాఖ ద్వారకా నగర్‌లో ఒక పాత డాబా ఇంటి పోర్టికోలో, 1986 నాటి కాంటెస్సా ముందు నిలబడి దాని యజమానిని నేను మొదట అడిగింది అదే. "ఇంత చోటు ఎందుకు వదిలేశారండీ?"

"నేను వదల్లేదండి, ఇంగ్లీషోడు వదిలాడు" అన్నారాయన, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ.

నిజమే. ఈ కారు పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడ వాక్స్‌హాల్ కంపెనీ 1972లో విక్టర్ అనే మోడల్ తెచ్చింది. దాని మూసలు, అచ్చులు హిందుస్థాన్ మోటార్స్ కొనుక్కుని, కలకత్తా పక్కనున్న ఉత్తరపాడాలో 1984 నుంచి కాంటెస్సాగా తయారు చేసింది. ఇంగ్లండులో ఆ ఒడ్డూ పొడుగులోనే వెంటోరా అని ఇంకో రకం ఉండేది. దానికి వరసగా ఆరు సిలిండర్లు, 3.3 లీటర్ల ఇంజిన్. ఆ ఆరింటి కోసం కట్టిన గదిలోకి మనవాళ్ళు తమ దగ్గరున్న నాలుగు సిలిండర్ల అంబాసిడర్ ఇంజిన్‌ను దింపారు. ఉమ్మడి కుటుంబం కోసం కట్టిన ఇంట్లో ఇద్దరే కాపురం ఉన్నట్టుంటుంది.

మన దేశంలో దీన్ని మజిల్ కారు అంటారు. అమెరికాలో ఆ మాటకు మూలపురుషుడిగా చెప్పుకునే 1964 పాంటియాక్ జి.టి.ఓ.కు 6.4 లీటర్ల ఇంజిన్, 325 హార్స్‌పవర్. మన కాంటెస్సాది 1489 సి.సి., అటూ ఇటుగా 50 హార్స్‌పవర్. పైగా టన్ను దాటిన బరువు. కాబట్టి కండ అంతా రేకులోనే ఉంది. వాక్స్‌హాల్ అప్పట్లో అమెరికా జనరల్ మోటార్స్ చేతిలోని కంపెనీ కనక ఆ పొడవాటి ముక్కు, వెనక చక్రం మీద ఉబ్బిన భుజం అటునుంచి వచ్చాయి. తర్వాతి రోజుల్లో జపాన్ ఇసుజు వారి 1817 సి.సి. ఇంజిన్, అయిదు గేర్లు వచ్చాక బండికి కాస్త ప్రాణం లేచింది. 2002లో తయారీ ఆగిపోయింది.

పాత కాంటెస్సా దొరికినవాళ్ళు చాలామంది మొదట చేసే పని ఆ ఇసుజు ఇంజిన్ వెతికి తెచ్చి వేయించడం. ఈయన చేయలేదు. రవాణా శాఖ అనుమతి, ఆర్.సి.లో నంబరు మార్పు అనే తలనొప్పి ఒకటి. రెండోది, 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నియమం. యాభై ఏళ్ళు దాటి, ఛాసీ, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే ఆ గుర్తింపు. ఈ బండికి ఆ ఈడు 2036లో వస్తుంది. "అప్పటికి నేనుంటానో లేదో. బండి ఉంటుంది కదండీ" అన్నారు. ఉక్కు కర్మాగారం మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరైన మనిషి. పేరు రాయొద్దన్నారు. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, జిరాక్స్ షాపులు. గేటు బయట బ్యాగులు వేసుకున్న పిల్లలు తొంగి చూసి పోతుంటారు.

ఇంటి నుంచి సముద్రం రెండు మూడు కిలోమీటర్లు. ఈ ఊళ్ళో కారు బాగుచేయడం అంటే సగం పని ఉప్పుతోనే. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే చెమ్మ లాక్కుని నీరవుతుంది. విశాఖలో ఆ గీత దాటని రాత్రులు తక్కువ. రేకు మీద కంటికి కనపడని ఉప్పునీటి పొర, దాని కింద తుప్పు. బ్యాటరీ ట్రే అయితే అడుగు లేకుండా పోయింది. ఆసిడ్, ఉప్పు కలిసి తినేశాయి. ఆ ఒక్క ముక్కే ఆటోనగర్ టింకరింగ్ షాపుకు వెళ్ళింది. మిగతా రేకు పనంతా పోర్టికోలోనే.

చిన్న భాగాలకు తుప్పు వదిలించిన తీరు చెప్పాలి. ప్లాస్టిక్ తొట్టెలో నీళ్ళు, గుప్పెడు బట్టల సోడా. బ్యాటరీ ఛార్జర్ నెగెటివ్ తీగ తుప్పు పట్టిన ముక్కకు, పాజిటివ్ తీగ పాత ఇనప రేకుకు. కరెంటు పెడితే ముక్క చుట్టూ బుడగలు లేచి, తెల్లారేసరికి తుప్పు నల్లటి మడ్డిగా ఊడి వస్తుంది. గీకుడు లేదు, మంచి ఇనుము అరగదు. ఆ బుడగలు హైడ్రోజన్, నిప్పు తగిలితే భగ్గుమనే వాయువు, అందుకని తొట్టె ఎప్పుడూ ఆరుబయటే. స్టీలు గిన్నెను పాజిటివ్‌కు తగిలించకూడదు, అందులోని క్రోమియం విషమై నీళ్ళలోకి దిగుతుంది. బోనెట్ స్ప్రింగులను మాత్రం ఆ తొట్టెలో వేయలేదు. గట్టి స్ప్రింగు ఉక్కులోకి హైడ్రోజన్ దూరితే పెళుసెక్కి ఒకనాడు ఫట్‌మంటుంది. వాటికి ఎమరీ పేపరు, వేళ్ళు, ఓపిక. ఈ తేడా తెలిసి ఏది ఎందులో వేయకూడదో ఎంచుకున్నారు చూశారా, అక్కడే ఆ మనిషి మీద నాకు గురి కుదిరింది.

బోల్టులన్నిటికీ జింకు పూత వేయించారు. పసుపులో ఇంద్రధనుస్సు కలిసినట్టుండే ఆ పూత అందానికి కాదు. ఉప్పు గాలి వచ్చినప్పుడు ముందు జింకు కరిగి, లోపలి ఇనుమును కాస్తుంది. ఒకప్పుడు జింకు కరిగించే కర్మాగారమే ఉన్న ఊరిది, ఆ లోహం గుణం ఇక్కడివాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. రంగు మాత్రం మెరుపు లేనిది. బోనెట్ కింది గోడలకు బాడీ రంగే, కొంచెం మందంగా. క్రోము తొడుగులు, ఎర్ర పైపులు, నీలం తీగలు ఎక్కడా లేవు. ఫోటోల కోసం సింగారించిన ఇంజిన్ బేలు చాలా చూశాను. పెళ్ళి మండపంలో పీటల మీద ఎవరు కూర్చున్నారో కనపడనన్ని పూలు పెట్టినట్టుంటాయి అవి. ఇక్కడ ఏది ఎక్కడికి వెళుతోందో పిల్లవాడు కూడా వేలు పెట్టి చెప్పగలడు.

బ్రేకు పైపుల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పాత ఉక్కు గొట్టాలు తీసేసి రాగి, నికెల్ కలిసిన పైపు వేశారు. ఉప్పుకు లొంగని లోహం, ఓడల్లో సముద్రపు నీళ్ళ గొట్టాలకు వాడేది. మాస్టర్ సిలిండర్ నుంచి రెండు పైపులు పక్కపక్కనే బయల్దేరి, ఒకేచోట వంగి, మళ్ళీ ఒకేచోట దిగుతాయి. మధ్య సందు మొదటి నుంచి చివరి దాకా పెన్సిలంత. చేత్తో వంచితే ఆ వంపు రాదు. గాడి తీసిన చక్రాలు లేత్ షాపులో మూడు సైజుల్లో తిప్పించుకుని, వాటి చుట్టూ వంచారు. వంపు నొక్కుకుపోలేదు, కోడిగుడ్డులా అవ్వలేదు. చివర్లు రెండు మడతలుగా ఫ్లేర్ చేశారు. నట్టు బిగించినప్పుడు చీలకుండా ఉండాలంటే ఒక మడత చాలదు. ఎన్ని పైపులు పాడుచేశారని అడిగితే గోడవారన ఒక చుట్ట చూపించారు. నవ్వలేదు.

ఇక కొత్త హంగులు. ఇవి వెతికితే గానీ దొరకవు. పాత పద్ధతిలో హెడ్‌లైట్ల కరెంటంతా డాష్‌బోర్డు స్విచ్ గుండా తిరిగి వచ్చేది. 60 వాట్ల బల్బులు రెండు వెలిగితే పది ఆంపియర్లు. నలభై ఏళ్ళ స్విచ్ వేడెక్కుతుంది, దారిలో ఓల్టేజీ ఎండిపోతుంది, దీపం బెల్లం రంగులో వెలుగుతుంది. ఇప్పుడు బ్యాటరీ నుంచి లావు తీగ, ఫ్యూజు, రిలే. స్విచ్ కేవలం రిలేకు సైగ చేస్తుంది. ఆ రిలేలు ఎక్కడున్నాయి? ఫెండర్ లోపలి వైపు, ఫ్యాక్టరీ వాళ్ళు ఏదో పనికి వేసి వదిలేసిన రెండు చిల్లులకు బిగించిన చిన్న రేకు మీద. తీగల చివర్లకు టంకం పెట్టలేదు, క్రింప్ చేశారు. అదురుకు టంకం పక్కనే తీగ తెగుతుందని. మిల్లులో పనిచేసినవాళ్ళకే పట్టే పట్టింపు ఇది.

డెల్కో (డిస్ట్రిబ్యూటర్) మూత పాతదే, నల్లనిది. ఎత్తి చూస్తే లోపల పాయింట్లు లేవు, వాటి స్థానంలో బొటనవేలంత అయస్కాంత సెన్సర్ ఉంది. ఇక అరగడం, గ్యాపు సర్దడం లేవు. మూత పెట్టేస్తే 1986.

ఈ ఇంజిన్‌కు పుట్టుకతో ఒక ఇబ్బంది ఉంది. కార్బురేటర్, పొగ వెళ్ళే మానిఫోల్డ్ రెండూ ఒకే పక్క, ఒకదాని మీద ఒకటి. ఇదే 1489 సి.సి. ఇంజిన్‌ను 1955లో ఎం.జి.ఏ. అనే ఇంగ్లీషు స్పోర్ట్స్ కారులో కూడా పెట్టారు. ఆ చలిదేశంలో కింది సెగ మేలే చేసేది. రోహిణి కార్తెలో ఆర్.టి.సి. కాంప్లెక్స్ దగ్గర ఇరుక్కున్న బండికి మాత్రం పెట్రోలు ఫ్లోట్ గిన్నెలోనే ఉడికిపోతుంది. అందుకు రెంటికీ మధ్య పలచని రేకు అడ్డు పెట్టారు, కార్బురేటర్ స్టడ్లకే తగిలించి. రేడియేటర్ వెనక థర్మోస్టాట్‌తో పనిచేసే కరెంటు ఫ్యాను. ఇంజిన్ తిప్పే పాత ఫ్యాను బండి నిలబడినప్పుడే నెమ్మదిస్తుంది, గాలి అప్పుడే కావాలి కదా. మన మెకానిక్కులు వేడెక్కుతోందని పీకి పారేసే థర్మోస్టాట్ వాల్వు కూడా తిరిగి చోటుకొచ్చింది. అది లేకపోతే ఇంజిన్ ఎప్పటికీ సరిగ్గా కాగక, అరుగుదల ఎక్కువ, పెట్రోలు తిండి ఎక్కువ. రేడియేటర్ అల్యూమినియంది పెట్టుకోవచ్చు, తేలిక. ఆయన రాగి దానికే కొత్త కోర్ వేయించారు. దారిలో కారితే ఏ ఊళ్ళోనైనా టంకం పెట్టేవాడు దొరుకుతాడు. నాకైతే మొత్తం పనిలో ఇదే అన్నిటికంటే తెలివైన నిర్ణయం అనిపించింది.

పెట్రోలు గొట్టాలన్నీ మారాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు దానికి ఉబ్బి, మెత్తబడి, పొరలు పొరలుగా ఊడి కార్బురేటర్ జెట్‌లో కూర్చుంటుంది. ఇథనాల్‌కు తేమ పీల్చే గుణం కూడా ఉంది, ఈ ఊరి గాలికి సరిజోడు.

ఇంత చేసినా, ఇంజిన్ బే గోడల్లో ఆయన వేసిన చిల్లు ఒక్కటీ లేదు. నాకు ఈ సంగతి ఆయన చెప్పలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు టార్చి పట్టుకుని నేనే వెతికాను. ప్రతి కొత్త వస్తువూ ఏదో ఒక పాత చిల్లునో, పాత స్టడ్‌నో, పాత బోల్టునో ఆసరా చేసుకుని ఉంది. ఫ్యాను రేడియేటర్ బోల్టులకే, తీగల కట్ట పాత క్లిప్పులకే. కావాలంటే ఒక్క రోజులో అన్నీ విప్పి, ఉత్తరపాడాలో గేటు దాటిన రూపానికి తీసుకుపోవచ్చు. డ్రిల్లు పట్టుకుంటే అయిదు నిమిషాల్లో తేలే పనికి, చిల్లు వెతుక్కుని, దానికి తగ్గ రేకు కోసి వంచడానికి ఒక్కోసారి వారం పట్టింది. డిక్కీలో బిస్కెట్ డబ్బా ఒకటి. అందులో తీసేసిన పాయింట్ సెట్, కండెన్సర్, పాత ఫ్యాన్ బోల్టులు నాలుగు. ఒక్కోదానికి దారంతో కట్టిన అట్టముక్క, మీద పెన్సిల్‌తో ఎక్కడిదో, ఏ తేదీన తీశారో.

పని పూర్తయిన వారానికి ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికి తీసుకెళ్ళారు. విశాఖలో కొత్త బండి కొన్నవాళ్ళంతా ముందు చేరేది అక్కడికే. షోరూమ్ రిబ్బన్లతో మెరుస్తున్న రెండు ఎస్.యు.వి.ల మధ్య ఇది నిలబడింది. "కొత్తదేనాండీ?" అని అడిగారు పూజారిగారు, పళ్ళెం పట్టుకుని. "లోపల కొంచెం" అని ఈయన బోనెట్ ఎత్తారు. పూజారిగారు ముందు టాపెట్ కవర్ మీద కుంకుమ బొట్టు పెట్టారు. తర్వాత నీళ్ళు చల్లడానికి చెయ్యెత్తారు. ఈయన దణ్ణం పెట్టుకుని కళ్ళు మూసుకునే ఉన్నారు గానీ, రెండు చేతుల్లో ఒకటి విడివడి వెళ్ళి డెల్కో మూత మీద గొడుగులా నిలిచింది.