అమ్మిపెట్టమని ఇచ్చిన అమానతు: 'హిదాయా'పై ఒక పరిశీలన

మర్గీనానీ (మరణం క్రీ.శ. 1197) అరబ్బీలో రచించిన 'హిదాయా'ను చార్లెస్ హామిల్టన్ పారసీ అనువాదం ఆధారంగా ఇంగ్లీషులోకి తెచ్చి 1791లో ప్రకటించాడు. బ్రిటిషు పాలనలోని న్యాయస్థానాలు దానినే ప్రమాణంగా తీసుకున్నాయి. ఆ గ్రంథాన్ని తెరిచినవారు తరచు పొరబడే చోటు ఒకటున్నది.

నెల్లిమర్ల వాసి ఒకడు తండ్రి కూడబెట్టిన కంపెనీ కాలపు నాణేలను అమ్మిపెట్టమని విజయనగరంలోని దుకాణదారుకిచ్చాడనుకుందాం. చీటీ లేదు, ధర చెప్పలేదు. దుకాణదారు వాటిని కారుచౌకగా అమ్మివేశాడు. లేదా మరణించగా, వారసులు "ఇవి మావే" అన్నారు.

ఇటువంటప్పుడు చాలామంది 'వదీఅత్' అధ్యాయం చూసి, నిర్లక్ష్యం లేనిదే అమానతుదారుపై బాధ్యత లేదంటారు. అది దాచమని ఇచ్చిన సొమ్ము మాట. అమ్మమని ఇస్తే అతడు వకీలు, అనగా ప్రతినిధి కూడా అవుతాడు. ఆ చర్చ 'వకాలత్' అధ్యాయంలో ఉన్నది. ఏ షరతూ లేకుండా అధికారమిస్తే ఎంత తక్కువకు అమ్మినా చెల్లుతుందని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ అంగీకరించరు. వాడుక ధరకు మరీ తక్కువైతే చెల్లదంటారు.

శిష్యుల మాట యజమానికి రక్షణే. కాని ధాన్యానికి, గుడ్డకు ఉన్నట్టు పాత నాణేనికి వాడుక ధర ఏది? ఒకడికి అది రాగిముక్క, మరొకడికి వేల రూపాయల సొత్తు. ఈ భేదం పట్టించుకోకుండా అధ్యాయాలు వల్లించడమే అసలు లోపం.

వారసుల తగాదా ఇంకా చిక్కు. వస్తువు ఫలానాదని రుజువైతే యజమానిదే. అమానతుదారు జాడ తెలుపకుండా పోతే దాని విలువ అతని ఆస్తిపై అప్పు. రుజువు భారం మాత్రం అడిగేవాడిదే. 1835 నాటి పావు అణా ఒకటి మరొకదానిలాగే ఉంటుంది!

కొన్నవాడి సంగతి వేరు. అధికారం మీరి అమ్మితే, యజమాని ఒప్పుకునేదాకా ఆ అమ్మకం నిలిచి ఉంటుందని హనఫీ శాస్త్రం. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 27వ సెక్షను ప్రకారం మాత్రం, యజమాని సమ్మతితో వస్తువును ఉంచుకున్న వ్యాపార ఏజెంటు మామూలు వ్యాపారంలో అమ్మగా, అధికారం లేదని తెలియక సదుద్దేశంతో కొన్నవాడికి హక్కు సంక్రమిస్తుంది. నెల్లిమర్ల యజమానికి మిగిలేది దుకాణదారుపై నష్టపరిహారపు దావాయే.

అల్ బఖరా 282వ ఆయతు గడువుగల వ్యవహారాలను వ్రాసుకోమంటుంది. చేతికి చేయి బేరానికి సడలింపు ఇస్తుంది. అంగడి బేరమే గదా అని కొందరు ఆ సడలింపును ఇక్కడికీ లాగుతారు. వస్తువు నేడిచ్చి సొమ్ము ఎప్పుడో తీసుకునే బేరం చేతికి చేయి ఎట్లవుతుంది? చీటీపై నాణెం సంవత్సరం, తూకం, గుర్తులు, కనీస ధర, తిరిగి ఇవ్వవలసిన తేదీ ఉండాలి. దుకాణదారు సంతకంతో పాటు ఇద్దరు సాక్షులవీ ఉండాలి.