కమాను కట్ట: పాత జీపు నడకను చదివే విద్య

పాత జీపులో ఇంజను చెడితే బండి ఆగిపోతుంది కాబట్టి ఆ జబ్బు ఎవరికీ దాగదు. కానీ చట్రానికీ చక్రాలకూ నడుమ ఉండే కమాన్లు, బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు అరిగితే బండి నడుస్తూనే ఉంటుంది, అరుగుదల మాత్రం ఒక భాగం నుంచి మరొక భాగానికి పాకుతూ, కొన్నేళ్లకు ఏది కారణమో ఏది పర్యవసానమో తెలియనంతగా కలిసిపోతుంది. ఆ రెండింటినీ విడదీసి, ముందుగా చెడిన భాగాన్ని పట్టుకుని, దాన్ని మొదట సరిచేయగలగడమే కమాను పనివారి విద్యలోని సారం. కొత్త భాగం బిగించడం చేతి బలంతో అయ్యే పని. పాత భాగం ఎందుకు అరిగిందో చెప్పడం చూపుతో, చెవితో, కొలతతో ఏళ్ల తరబడి అబ్బే జ్ఞానం.

హైదరాబాదులో ఈ విద్య గురించి ఆలోచించడానికి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, దాని అంచునే ఉన్న తార్నాక తగిన చోట్లు. 1918లో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి 1929లో ఇంజనీరింగ్ కళాశాల తోడైంది. అంతకు చాలా ముందే, 1893లో, నిజాం రైల్వే దగ్గరలోని లాలాగూడలో తన వర్క్‌షాపును నెలకొల్పింది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో హబ్సిగూడ దగ్గర ఉంది. స్ప్రింగు లెక్కను పాఠంగా చెప్పే తరగతి గదులు, ఉక్కును మరమ్మతు చేసే కార్ఖానా, రాళ్లనూ భూగర్భాన్నీ పరిశీలించడానికి దారి లేని చోట్లకు వెళ్లవలసిన శాస్త్రజ్ఞులు కొద్ది దూరంలోనే ఉన్న ప్రాంతమిది. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు బండలు నేల మీదికి పొడుచుకొచ్చిన ఈ పీఠభూమిలో, బండి కింది భాగం ఎంత ఓర్వగలదన్నదాన్ని బట్టే ఆ బండి ఎక్కడిదాకా వెళ్లగలదో తేలుతుంది.

పాత జీపు అంటే ఇక్కడ ముఖ్యంగా రెండు వంశాలు. అమెరికాలో పుట్టిన విలీస్ జీపును మహీంద్రా సంస్థ 1940ల చివర మన దేశంలో బిగించడం మొదలుపెట్టి, తర్వాత తన సొంత నమూనాలుగా దశాబ్దాల పాటు కొనసాగించింది. 1985లో మార్కెట్‌లోకి వచ్చిన మారుతి జిప్సీ, సుజుకీ సంస్థ చిన్న జీపు నమూనా మీద తయారై, పోలీసు, సైన్యం, అటవీ శాఖల వాడుకలో స్థిరపడింది. ఈ రెండు వంశాలకూ మూల నిర్మాణం ఒక్కటే: ముందూ వెనుకా రెండు చక్రాలను కలిపే గట్టి ఇరుసు, దాన్ని మోసే కమాను కట్టలు.

భాగాలు, వాటి బాధ్యతలు

కమాను కట్ట అంటే వంపు తిరిగిన ఉక్కు పట్టీలను పొడవును బట్టి ఒకదాని కింద ఒకటి పేర్చి, నడుమ సెంటర్ బోల్టుతో బిగించిన కూర్పు. అన్నిటికంటే పొడవైన మెయిన్ పట్టీ రెండు కొసలనూ గుండ్రంగా చుట్టితే ఏర్పడే రంధ్రాన్ని కన్ను అంటారు. ఆ కంట్లో దూర్చే గొట్టం వంటి రబ్బరు లేదా లోహపు భాగం బుష్. బరువు పడి కమాను చదునైనప్పుడు దాని పొడవు కొద్దిగా పెరుగుతుంది కనుక, ఒక కొసను చట్రానికి నేరుగా బిగించి, రెండో కొసను షాకిల్ అనే ఊగే కొక్కెం ద్వారా వేలాడదీస్తారు. కమాను కట్టను ఇరుసుకు అదిమి పట్టేవి యు ఆకారపు బోల్టులు. ఇరుసు అటూ ఇటూ జరగకుండా దాని గుంతలో కూర్చుని స్థానాన్ని నిలిపేది సెంటర్ బోల్టు తల. ఇక షాక్ అబ్జార్బర్ బండి బరువును మోయదు. సన్నని రంధ్రాల గుండా నూనెను తోసి, కమాను ఊగే శక్తిని వేడిగా మార్చి, ఊగుడును ఆపుతుంది. బరువు మోసేది కమాను, ఊగుడు ఆపేది షాకు అన్న ఈ విభజన తెలియనివారే వంపు తగ్గి కూర్చున్న కమాన్లకు విరుగుడుగా కొత్త షాకులు కొని, డబ్బు పోగొట్టుకుంటారు.

పట్టీ ఎంత బరువుకు ఎంత వంగుతుందన్న లెక్కకు పునాది రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన సూత్రం: వంపు బరువుకు అనుపాతంగా ఉంటుంది. ఒక పట్టీ దృఢత్వం, అంటే దాన్ని ఒక కొలత మేర వంచడానికి కావలసిన బరువు, దాని వెడల్పుతో నేరుగా పెరిగితే, మందంతో ఘనం చొప్పున పెరుగుతుంది. ఆరు మిల్లీమీటర్ల పట్టీ తుప్పు పట్టి, అరిగి 5.4 మిల్లీమీటర్లకు తగ్గితే, మందం పదో వంతు మాత్రమే పోయినా దృఢత్వం 27 శాతం పడిపోతుంది. పట్టీల మధ్య పొరలుగా రాలే తుప్పును నిపుణుడైన పనివాడు వెర్నియర్ కాలిపర్‌తో కొలవనిదే వదలకపోవడానికి కారణం ఇదే.

చూపు, చెవి, చేయి

పరీక్ష టైర్ల నుంచి మొదలవుతుంది, ఎందుకంటే కింది భాగాల తీరు ఏళ్లుగా టైరు మీద రాసిపెట్టి ఉంటుంది. చుట్టూ అక్కడక్కడా గుంతలు పడి అరిగితే షాకులు బలహీనపడ్డాయని, ఒకే అంచు అరిగితే అలైన్‌మెంట్ లేదా బుష్‌లలో తేడా ఉందని, చేయి అటు నుంచి ఇటు పోనిచ్చినప్పుడు ఒక దిశలో నునుపుగా, మరో దిశలో గరుకుగా తగిలితే ముందు చక్రాల కోణాలు తప్పాయని అనుమానించాలి. తర్వాత బండిని చదునైన నేల మీద నిలిపి, టైర్లలో గాలి సమం చేసి, నాలుగు చోట్లా నేల నుంచి ఫెండరు అంచు వరకూ ఎత్తు కొలిచి, ఎడమ కుడి తేడాను రాసుకోవాలి. ఎడమకు, కుడికి రెండు వైపులా ముందు ఇరుసు నడిమి నుంచి వెనుక ఇరుసు నడిమి దాకా దూరం కొలిచినప్పుడు తేడా వస్తే, ఏదో ఒక వైపు ఇరుసు జరిగిందని అర్థం. యు-బోల్టులు సడలి, సెంటర్ బోల్టు తెగి, బండి నిలువుగా పోతున్నట్టే కనిపిస్తూ పక్కకు వాలి నడిచే లక్షణానికి మూలం అక్కడే దొరుకుతుంది.

కన్ను దగ్గర ఇనప కడ్డీ ఆనించి మెల్లగా లేపి చూస్తే బుష్‌లోని ఆట, అంటే వదులుదనం, తెలుస్తుంది. రబ్బరు చిట్లి బయటికి వస్తే బుష్ పాడైందని, షాకిల్ మొదటి కోణం కంటే ఎక్కువగా వాలితే కమాను పరిమితిని మించి చదునైందని గ్రహించాలి. పాత విలీస్ తరహా జీపుల్లో షాకిళ్లకు మర చుట్టిన ఉక్కు బుష్‌లు ఉంటాయి, వాటిలో కొన్నింటికి ఎడమ మర ఉంటుంది కనుక, తెలియక కుడి మర అనుకుని బలవంతంగా తిప్పితే మరే చెడిపోతుంది. గ్రీజు నిప్పల్ మూసుకుపోయి ఏళ్లు గడిస్తే ఆ మరలు అరిగి వదులవుతాయి. జిప్సీ బుష్‌లు రబ్బరువి. వాటికి గ్రీజు పెట్టకూడదు, ఎందుకంటే ఖనిజ నూనె తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

షాక్ అబ్జార్బర్ పరీక్షకు బండి మూలను అదిమి వదిలి, ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెట్టే పద్ధతి అందరికీ తెలిసినదే గానీ, కమాను కట్టలున్న జీపులో అది మోసం చేస్తుంది: పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకునే ఒరిపిడే కొంత ఊగుడును మింగేస్తుంది కనుక, చచ్చిన షాకు కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. నమ్మదగిన మార్గం షాకును విప్పి, నిలువుగా పట్టుకుని, కొన్నిసార్లు పూర్తిగా చాచి, ముడిచి చూడడం. ఆ చలనం అంతటా ఒకే ఒత్తిడితో సాగాలి, ఎక్కడైనా జారినట్టు తేలిపోతే లోపల నూనె తగ్గిందని లేదా కవాటం పాడైందని తెలుస్తుంది. రాళ్ల దారిలో తిరిగి వచ్చిన బండి షాకులను తాకి చూసినా ఒక సంకేతం దొరుకుతుంది: పనిచేసిన షాకు వెచ్చగా ఉంటుంది, పనిచేయనిది చల్లగానే ఉంటుంది.

స్టీరింగు వణుకు ఈ వరుసలో చివరి ప్రశ్న, ఎందుకంటే అది చాలా కారణాల ఉమ్మడి ఫలితం. ముందు చక్రాన్ని జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలిపి, పైనా కిందా పట్టి ఊపినప్పుడు ఆట కనిపిస్తే, అది చక్రం బేరింగుదా, చక్రం మలుపు తిరగడానికి ఆధారంగా ఇరుసు కొసన ఉండే కింగ్ పిన్‌దా అన్నది తేల్చాలి. మరొకరు బ్రేకు తొక్కి పట్టినప్పుడు ఆట మాయమైతే లోపం చక్రం బేరింగులో, అప్పటికీ మిగిలితే కింగ్ పిన్‌లో ఉన్నట్టు. కింగ్ పిన్ బేరింగుల బిగువును నిర్ణయించేవి షిమ్ములు అనే పలచని లోహపు రేకులు. వాటి కొలతతో సరిపెట్టవలసిన ఆటను బేరింగు మార్చి సరిపెట్టాలనుకుంటే పని రెట్టింపవుతుంది. బండిని ఎత్తు చేయాలన్న కోరికతో పొడవాటి షాకిళ్లు బిగించిన జీపులు మరో జబ్బును తెచ్చుకుంటాయి: ముందు షాకిల్ కమాను ముందువైపు ఉన్న బళ్లలో ఇరుసు వాలు మారి, మలుపు తర్వాత స్టీరింగు తనంతట తాను మధ్యకు రావడం తగ్గుతుంది.

కొలిమి, దాగలి, కొలత

కమాను కట్టను విప్పేటప్పుడు తొందర ప్రమాదకరం. చక్రాల కింద అడ్డు వేసి, చట్రాన్ని గట్టి స్టాండ్ల మీద నిలిపి, సెంటర్ బోల్టు వదులు చేసే ముందు పట్టీలను సి-క్లాంపుతో పట్టి ఉంచకపోతే, లోపల దాగిన ఒత్తిడి ఒక్కసారిగా విడుదలై చేతులను గాయపరుస్తుంది. ఆ ఒత్తిడి తయారీలోనే వస్తుంది: పొట్టి పట్టీలను పొడవు పట్టీల కంటే ఎక్కువ వంపుతో చేస్తారు కనుక, బోల్టు బిగించినప్పుడు అవి మెయిన్ పట్టీ మీది భారాన్ని కొంత తాము పంచుకుంటాయి.

విప్పిన పట్టీని తుడిచి, ఒక చివర పట్టుకుని సుత్తితో మెల్లగా తడితే, మంచి పట్టీ నిలిచి మోగుతుంది, పగులు ఉన్నది మొద్దుగా పలుకుతుంది. అయినా సందేహం మిగిలితే పనికొచ్చే పాత పద్ధతి ఒకటుంది: కిరోసిన్ పూసి కాసేపు ఉంచి, పూర్తిగా తుడిచి, సుద్దపొడి చల్లితే, పగులులో ఇంకిన నూనె తిరిగి బయటికి ఊరి, తెల్లటి పొడి మీద సన్నని చారగా కనిపిస్తుంది. రంగు ద్రవాలతో పగుళ్లు పట్టే నేటి పరీక్షలకు పూర్వరూపమైన ఈ పద్ధతిని రైల్వే వర్క్‌షాపులు పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచే వాడాయి. పగుళ్లు ఎక్కువగా సెంటర్ బోల్టు రంధ్రం చుట్టూ, కన్ను వంపు మొదలయ్యే చోట పుడతాయి. పగులు కనిపించిన పట్టీని వెల్డింగుతో అతికించడం బండి ఎక్కేవారి ప్రాణాలతో చెలగాటమే, ఎందుకంటే వెల్డింగు వేడి ఆ చోట ఉక్కు టెంపర్‌ను చెరిపేస్తుంది.

పగులు లేకుండా, కేవలం వంపు తగ్గిన పట్టీని మాత్రం దాగలి మీద పెట్టి, చల్లగానే సుత్తితో కొట్టి తిరిగి వంపు తేవచ్చు. ఇక్కడే కమ్మరి కొలిమి నుంచి వచ్చిన జ్ఞానం, ఇంజనీరింగు పాఠం కలుస్తాయి: స్ప్రింగు ఉక్కును దాదాపు 850 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ వరకూ కాచి, నూనెలో చల్లార్చి, మళ్లీ 400 నుంచి 500 డిగ్రీల మధ్య వేడి చేస్తే తప్ప ఆ ఉక్కుకు సాగే గుణం, నిలబడే గుణం రెండూ రావు. గ్యాసు మంటతో ఒక చోట మాత్రం ఎర్రగా కాచి వంచిన పట్టీ చూడడానికి సరిగ్గా ఉన్నా, కొద్ది కాలంలోనే అక్కడే కూర్చుంటుంది లేదా విరుగుతుంది. కూర్చున్న కమానుకు విరుగుడుగా అదనపు పట్టీ వేయడం కూడా వీధుల్లో కనిపించే అలవాటే. ఎత్తు పెరుగుతుంది గానీ కట్ట గట్టిపడి, ప్రతి గుంత దెబ్బా మెయిన్ పట్టీ కన్ను మీదా, చట్రం బ్రాకెట్ మీదా పడుతుంది. వంపు తగ్గినంత మాత్రాన పట్టీ దృఢత్వం తగ్గదు కనుక, ఆ బండికి కావలసింది అదనపు గట్టిదనం కాదు, పోయిన వంపు.

తిరిగి బిగించే దశలో మూడు నియమాలు పని మన్నికను నిర్ణయిస్తాయి. మొదటిది, ఒక ఇరుసుకు రెండు వైపులా కమాన్లను, షాకులను జంటగానే చూడాలి, లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది. రెండవది, రబ్బరు బుష్ ఉన్న బోల్టులను బండి గాలిలో ఉండగా కేవలం చేతి బిగువుతో వదిలి, చక్రాలు నేల మీద నిలిచి బరువు పూర్తిగా పడ్డాకే చివరి బిగింపు ఇవ్వాలి. గాలిలోనే బిగిస్తే బండి కిందికి దిగగానే రబ్బరు శాశ్వతంగా మెలిపడి, త్వరలోనే చిరిగిపోతుంది. మూడవది, యు-బోల్టులను టార్క్ పానాతో సమంగా, ఎదురెదురుగా బిగించి, కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించాలి, ఎందుకంటే కొత్తగా కూర్చిన పట్టీలు సర్దుకుని బోల్టులు సడలుతాయి. పాత యు-బోల్టులు అప్పటికే సాగి ఉంటాయి కనుక కొత్తవి వేయడం మంచిది.

ఈ విద్య విలువ

సొంత బండి రిజిస్ట్రేషన్ మన దేశంలో 15 ఏళ్ల తర్వాత ముగుస్తుంది. ఆపైన అయిదేళ్లకోసారి పరీక్షకు నిలిచి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. అందువల్ల పాత జీపు యజమాని ఎదుట రెండు దారులుంటాయి: కింది భాగాలన్నిటినీ ఒకేసారి కొత్తవి కొని బిగించడం, లేదా ఏది చెడిందో తెలుసుకుని అంతవరకే మార్చడం. మొదటిది సులువుగా కనిపించినా, జరిగిన ఇరుసును, తెగిన సెంటర్ బోల్టును గమనించకుండా కొత్త బుష్‌లు వేస్తే, ఆ కొత్త బుష్‌లూ అదే కారణంతో కొద్ది నెలల్లో నలిగిపోతాయి. రెండో దారికి కావలసింది డబ్బు కంటే పరీక్షించగల మనిషి, ఆ మనిషిని తయారుచేసే గురుశిష్య పరంపర.

విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఘనం చొప్పున పెరిగే దృఢత్వం సూత్రంగా బోధింపబడుతుంటే, కమాను పనివారి చిన్న షెడ్డులో అదే సత్యం కొలిచి తెలుసుకున్న అనుభవంగా ఉంది. ఒకదానికి పరీక్షించే చేయి, మరొకదానికి రాతపూర్వకమైన ఆధారం కొరవడుతున్నాయి. ఇంజనీరింగు విద్యార్థి ఒక పాత జీపు నాలుగు మూలల ఎత్తులు, పట్టీల మందాలు, వంపులు నమోదు చేసి, మరమ్మతు తర్వాతి కొలతలతో పోల్చి చూపితే, కమాను పనివాడి తీర్పు ఎక్కడ సరైనదో, ఎక్కడ సవరించుకోవాలో ఇద్దరికీ తేటతెల్లమవుతుంది. అలాంటి లెక్కలు పోగుపడితే, ఏ పట్టీని వంచి వాడవచ్చో, ఏదాన్ని పారవేయాలో ఒకరి జ్ఞాపకం మీద ఆధారపడకుండా తేల్చవచ్చు. అంతవరకూ పాత జీపు నడిపేవారు చేయగలిగిన మంచి పని, భాగం కొనకముందే కారణం అడగడం, ఆ కారణాన్ని కొలతతో చూపించగల పనివాడి చేతికే బండిని అప్పగించడం.