ఖస్సుమనే వయసు

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథలో అందరూ కవిగారి గడుసుదనాన్నే మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ పిల్లి మీదే జాలి. ఎలుకల బెడద తీరాలని రాయలవారు ఇంటింటికీ ఒక పిల్లిని, దాని పాలకోసం ఒక ఆవును ఇప్పించారట. రామకృష్ణుడు సలసల కాగే పాలు దాని ముందు పెట్టాడు. మూతి కాలింది. ఇక పాలగిన్నె కనిపిస్తే చాలు, పరుగో పరుగు. కథ కల్పితమే అనుకున్నా, పిల్లి సంగతి మాత్రం అక్షరాలా అంతే. చిన్నప్పుడు పట్టుకున్న భయం ఓ పట్టాన వదలదు. ఆ రాయలవారే గజపతుల నుంచి గెలుచుకున్న కొండపల్లి ఖిల్లా కింద, మా బొమ్మల కాలనీలో, ఈ భయంతోనే నాకు పని పడుతుంటుంది.

తెల్లపొణికి దుంగలు గోడవారగా పేర్చి ఉంటాయి. పిల్లలు పెట్టడానికి వాటి సందుల కంటే మంచి చోటు ఏ పిల్లికి దొరుకుతుంది? చెక్కే చప్పుడుకీ, చింతగింజల పిండితో కలిపే మక్కు వాసనకీ కూనలు ఇట్టే అలవాటు పడతాయి. మనిషి చెయ్యి దగ్గరికొస్తే మాత్రం చెవులు వెనక్కి వాల్చి, అరచేతిలో ఇమిడే ఆ ప్రాణి పులిలా ఖస్సుమంటుంది. "వాటికి మనుషులంటే పడదు మేష్టారూ, వదిలేయండి. పెరిగితే ఎలుకల్నైనా పడతాయి" అంటాడు పక్క కార్ఖానా బాబాయి. ఎలుకల మాట నిజమే. మనుషులంటే పడకపోవడం మాత్రం పుట్టుకతో వచ్చింది కాదు.

ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీలో ఐలీన్ కార్ష్ 1980ల్లో ఈ విషయమే పరీక్షించి చూశారు. రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనిషి చేతిలో మెలిగిన కూనలు మనిషిని నమ్ముతాయి. రోజుకు 15 నిమిషాలు ఎత్తుకున్నవాటి కన్నా 40 నిమిషాలు ఎత్తుకున్నవి ఎక్కువ చేరువయ్యాయి. 1995లో సాండ్రా మెక్‌క్యూన్ ఇంకో చిత్రం చెప్పారు. తండ్రి నెమ్మదస్తుడైతే పిల్లలకూ ఆ ధైర్యం వస్తుందట. పెంపకంలో వేలు పెట్టని తండ్రి, పిల్లలు మొహం కూడా చూడని తండ్రి! అందుకే ఒకేలా పెంచినా ఒక కూన మూడో రోజుకే ఒళ్లోకి ఎక్కితే, ఇంకోటి నెల దాటినా మూల వదలదు.

కాబట్టి ముందు చూడాల్సింది వయసు. ఏడు నుంచి పది రోజులకు కళ్లు తెరుస్తాయి. మూడో వారం దాటాక చిగుళ్లలో ముందుపళ్లు మొనదేలతాయి. తిండి బాగా అందితే బరువు నెలకు దాదాపు అరకిలో. నాలుగో వారం దాకా తల్లి దగ్గరే ఉండనివ్వాలి. పిల్లి ఏడిళ్లు తిరుగుతుందన్న మాట గుర్తుంచుకుని, మనం కెలికి దాన్ని చోటు మార్చుకోనివ్వకూడదు. ఐదు, ఆరు వారాలప్పుడు, తిండి తినడం వచ్చాక తెచ్చుకుంటే మేలు. నాలుగు నెలలు నిండినదాన్ని తెచ్చి గారాబం చేయబోతే దానికీ నరకం, మనకీ నరకం. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి దుంగల సందులోనే వదిలేయడం దయ.

తెచ్చినవాటిని పెద్ద గదిలో వదిలితే మంచం కిందకు దూరి అక్కడే కాపురం పెడతాయి. చిన్న స్నానాలగది చాలు. అందులో ఓ అట్టపెట్టె, పాత పంచె, ఇసుక తొట్టె. ఇక మన పని కింద కూర్చోవడమే. కూర్చుని పేపరు పైకి చదువుకోండి, వార్తలేవైనా వాటికి ఒకటే. కళ్లలోకి గుచ్చి చూడకూడదు. మెల్లగా కళ్లు మూసి తెరిస్తే పిల్లులు దాన్ని స్నేహంగా తీసుకుంటాయని ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు 2020లో తేల్చారు. మొదటిసారి చేసేటప్పుడు మనకే సిగ్గుగా ఉంటుంది. ఉప్పు, కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం పొడుగు చెంచా కొసన పెట్టి చాపాలి. చెంచా పొట్టిదవుతూ, చివరికి వేలి మీద నుంచి నాకడం దాకా రావాలి. మాంసం మన చేతి నుంచే తప్ప గిన్నెలో దొరకకూడదు. ఆటకు కొబ్బరి చీపురుపుల్ల, దానికో దారం. వేళ్లతో ఆడించామా, పెద్దయ్యాక రక్కుతుంది.

మరీ బెదురు కూనను తోబుట్టువుల నుంచి వేరుచేయడం చూసేవాళ్లకు కటువుగా అనిపిస్తుంది. అవి పక్కనుంటే దానికి మనిషితో పనేముంది? పంచెలో చుట్టి, గడ్డం కింద వేలితో రాస్తూ కూర్చుంటే ఒళ్లంతా బిగబట్టి ఉన్నదే గురగుర మొదలుపెడుతుంది. మొహంలో భయం అలాగే ఉంటుంది, గొంతు మాత్రం లొంగిపోతుంది. నాకు ఈ పని మీద మమకారం పోనిది ఆ క్షణం కోసమే.

ఆవుపాలు పోయకండి, విరేచనాలు పట్టుకుంటాయి. పెరుగన్నంతో పెంచామనేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ పిల్లి కళ్లకూ గుండెకూ కావాల్సిన టారిన్ మాంసంలోనే దొరుకుతుంది. రక్కినా కరిచినా సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకు వెళ్లాలి. చిన్న కూనే కదా అని ఊరుకోవద్దు.

మచ్చికైన కూనకు ఇల్లు వెతకడం అసలు కష్టం. పిల్లి ఎదురొస్తే కాసేపు ఆగి వెళ్లే ఊరు మనది. పసిపిల్లలున్న ఇళ్లలో అడిగితే పని తొందరగా అవుతుంది. ముందు పిల్లలు ఒప్పుకుంటారు, తర్వాత అమ్మమ్మ. ఈలోగా తల్లిపిల్లిని పట్టాలి. దాని చూలు తొమ్మిది వారాలే, పాలిస్తుండగానే మళ్లీ కట్టగలదు. బోనులో కోడిమాంసం పెట్టి, పైన గోనెసంచి కప్పి, బాబాయి కార్ఖానా మూసి వెళ్లాక దుంగల పక్కన ఉంచితే తెల్లారేసరికి పడుతుంది. విజయవాడలో పశువుల డాక్టరుతో ముందే మాట్లాడుకుని, పట్టిన పొద్దున్నే ఆపరేషన్‌కు తీసుకెళ్లాలి.