తిరుపతి గంగ జాతర అధ్యయనాలు: అంతర్జాతీయ విశ్వవిద్యాలయ భాగస్వామ్యం – ఒక పరిశీలన

విదేశీ విశ్వవిద్యాలయాలతో కుదిరిన అవగాహన ఒప్పందాల సంఖ్యే నేడు అంతర్జాతీయ భాగస్వామ్యానికి కొలమానంగా చలామణి అవుతున్నది. యుజిసి 2022 నిబంధనలు కూడా న్యాక్ గ్రేడు, ర్యాంకులు, క్రెడిట్ల శాతాలనే చూస్తాయి. ఉమ్మడి డిగ్రీలకు అవి అవసరమే. సాహిత్య, జానపద పరిశోధనలో భాగస్వామ్యం ఎలా ఏర్పడుతుందో తెలియాలంటే మాత్రం తిరుపతిపై వెలువడిన గ్రంథాలను చూడాలి.

అన్నమయ్య పదాలకు వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల ఆంగ్లానువాదం 'గాడ్ ఆన్ ద హిల్' 2005లో వచ్చింది. ఒకరు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యులు, మరొకరు జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందినవారు. అయితే తిరుమల రాగిరేకులను చదివి పాఠాన్ని సిద్ధపరచిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతుల కృషి లేనిదే ఆ అనువాదానికి మూలమే లేదు.

గంగ జాతర విషయంలో సమస్య మరింత స్పష్టం. హీబ్రూ విశ్వవిద్యాలయ మానవశాస్త్రవేత్త డాన్ హాండెల్మన్ 1995లో, ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాయిస్ ఫ్లూకిగర్ 2013లో తమ అధ్యయనాలను ప్రకటించారు. మొదటిదానికి కేంద్రం వేషాల క్రమం, అందులో పురుషుడు పొందే రూపాంతరం. ఫ్లూకిగర్ గంగమ్మతో జీవితాన్ని ముడివేసుకున్న స్త్రీల మాటలను శ్రద్ధగా విన్నారు. అమ్మవారి 'ఉగ్రం'ను కేవలం కోపంగా గాక, భరింపశక్యం కాని అతిశయంగా ఆమె వివరించిన తీరు ఆ గ్రంథంలో అత్యంత విలువైనది. జాతరలో నలిగిన తెలుగు మాటే ఇక్కడ సిద్ధాంతమైంది. ఆ సిద్ధాంతం ఆంగ్లంలోనే ఉండిపోయింది. జాతరపై పేట శ్రీనివాసులురెడ్డి తెలుగు గ్రంథాన్నీ దీనినీ పక్కపక్కన పెట్టి చదవాలంటే రెండు భాషలూ రావాలి. తెలుగు మాత్రమే చదివే పరిశోధకుడికి వాదంలో ఒక పక్షమే అందుతుంది.

పుత్తూరు, నగరి ప్రాంతాల ధర్మరాజు ఆలయాలలో జరిగే భారత ఉత్సవాల అధ్యయనానికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. ద్రౌపది ఆరాధనపై ఆల్ఫ్ హిల్టెబైటెల్ 1988లో ప్రకటించిన గ్రంథానికి కేంద్రం తమిళనాట జింజీ. సరిహద్దుకు ఇవతల హరికథ, వీధినాటకం, దుర్యోధన వధ, అగ్నిగుండ ప్రవేశాలతో సాగే ఈ ఉత్సవాలపై ఏ విదేశీ విశ్వవిద్యాలయంతోనైనా ఒప్పందం కుదిరితే, ధ్వనిముద్రణల ప్రతి స్థానిక గ్రంథాలయంలో ఉండాలనీ, తెలుగు ముద్రణ ఆంగ్లంతో పాటే రావాలనీ, పాఠాన్ని విప్పిచెప్పిన ఇక్కడి అధ్యాపకుడి పేరు కృతజ్ఞతల పుటలో గాక ముఖపత్రంపై ఉండాలనీ తొలి ముసాయిదాలోనే రాసుకోవాలి.