క్షేత్రయ్య పదము – గోష్ఠీగానమున అర్థనిర్ణయము

క్షేత్రయ్య పదములను గూర్చి విశ్వవిద్యాలయములలో జరుగుచున్న పరిశోధన రెండు పాయలుగా చీలియున్నది. తెలుగుశాఖలో పదము సాహిత్యము. నాయికాభేదములు, అవస్థలు, జాతీయములు అచ్చట విచారింపబడును. సంగీతశాఖలో పదము గేయము. రాగము, తాళము, గమకము అచ్చటి విషయములు. ఈ విభజన బోధనసౌకర్యమునకై యేర్పడినదే కాని పదస్వభావమునుండి పుట్టినది కాదు. ఏ మాటపై నిలువవలెను, ఏ మాటను మరల ననవలెను, ఎచ్చట ఊపిరి తీయవలెను అని గాయని నిర్ణయించునపుడెల్ల ఆమె వ్యాఖ్యాత చేయు పనినే చేయుచున్నది. తాళపత్రములలోని పాఠాంతరములను మనమెంత శ్రద్ధతో పరిశీలింతుమో ఈ నిర్ణయములను గూడ అంత శ్రద్ధతో పరిశీలింపవలెనని మా వాదము.

పాశ్చాత్యులు ఛేంబర్ మ్యూజిక్ అని పిలుచు సంగీతమును గోష్ఠీసంగీతమనవచ్చును. కొలదిమంది వాదకులు, ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్కరుగా, పైన నిర్వాహకుడు లేకయే, చిన్న మందిరమున వినిపించునది యది. దానిని విశ్వవిద్యాలయమున అభ్యసించుటకు అమెరికాలోని మేడిసన్ నగరమున ఒక చక్కని దృష్టాంతము కలదు. 1940 మే నెలలో బెల్జియం దేశపు ప్రో ఆర్తె వాద్యచతుష్టయము ఆ నగరమున బీతోవెన్ రచనలను వినిపించుచుండగా జర్మను సేనలు బెల్జియముపై దాడి వెడలెను. స్వదేశమునకు మరలజాలని ఆ బృందమునకు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయము ఆ సంవత్సరమే ఆశ్రయమిచ్చెను. 1944లో ఆ బృందనాయకత్వమును స్వీకరించిన రూడాల్ఫ్ కోలిష్, అంతకు ముందు సంవత్సరమే బీతోవెన్ లయను గూర్చి యొక ప్రౌఢవ్యాసమును ప్రకటించియుండెను. బీతోవెన్ తన మొదటి పదునొకండు చతుష్టయములకు మెట్రోనోము సంఖ్యలను స్వయముగ నిర్దేశించెను. వానిని పాటింపనక్కరలేదను వాడుక ప్రబలియుండగా, అవి రచనలోని భాగములే యని కోలిష్ వాదించెను. ఆ వాదము ఒప్పో తప్పో అటుండనిండు. వాదించినవాడే వాయించి పరీక్షింపగల స్థానమున నుండుట, విద్యార్థులు ఆ పరీక్షను దగ్గరనుండి వినగలుగుట మనకు ముఖ్యము.

మన పదమునకును అట్టి మందిరము లేకపోలేదు. వీణ ధనమ్మాళ్ గారు (1867–1938) మద్రాసు జార్జిటౌనులోని తమ యింట శుక్రవారపు సాయంకాలములందు వీణ మీటుచు పాడుచుండెడివారు. వినవచ్చువారు కొలదిమంది, వారిలో పలువురు విద్వాంసులు. ఆ సన్నని నాదము పెద్ద సభలకై పుట్టినది కాదు. వారి దౌహిత్రులలో బృందగారు (1912–1996), ముక్తగారు పదగానమునకు ప్రమాణముగ నిలిచిరి. బాలసరస్వతిగారు (1918–1984) తల్లి జయమ్మాళ్ గారి గానమునకు అభినయించిరి. మువ్వగోపాల ముద్రగల తెలుగు పదము ఇట్లు తమిళదేశమునందలి యొక యింట మూడు తరములు సురక్షితముగ నుండెను. అచ్చటినుండి విశ్వవిద్యాలయమునకును పోయెను. కాని అది అమెరికా విశ్వవిద్యాలయము. బృందగారు వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునను, బాలసరస్వతిగారును వారి సోదరులు విశ్వనాథన్ గారును వెస్లియన్ విశ్వవిద్యాలయమునను బోధించిరి. మేమెరిగిన తెలుగు ఎమ్.ఏ. పాఠ్యప్రణాళికలలో మాత్రము పదమును వినుటకు ఒక గంటయైనను కేటాయింపబడలేదు.

వినకపోవుటవలన కలుగు నష్టమేమి? ఒక్క యంశమును కొంత వివరముగ చూతము. పెక్కు పదములను పల్లవితో గాక అనుపల్లవితో ఎత్తుకొనుట సంప్రదాయము. అచ్చుపుస్తకమున పల్లవి మొదట నుండును. పరిశోధకుడు దానినే మొదట చదివి, దానినే నాయిక మొదటి మాటగ గ్రహించి, అవస్థను నిర్ణయించును. మచ్చునకు మేము కల్పించిన వాక్యమునే తీసికొందము. పల్లవిలో ‘తలుపు తీయను’ అనియు, అనుపల్లవిలో ‘నిన్న రాత్రి మాట యిచ్చి రాని గోపాలా’ అనియు ఉన్నదనుకొనుడు. పల్లవితో ఎత్తుకొన్నచో నిరాకరణము ముందు వినబడును, కారణము పిమ్మట వచ్చును. నాయిక కోపముతోనే ప్రవేశించును. అనుపల్లవితో ఎత్తుకొన్నచో సంబోధనము, నెపము, నిరీక్షణము ముందు వచ్చి, వానినుండి నిరాకరణము పుట్టును. మొదటి నాయికకును రెండవ నాయికకును భేదము స్వల్పము కాదు. పైగా రెండవ క్రమమే తెలుగువాక్యపు సహజక్రమము. మన భాషలో విశేషణము ముందు, సమాపకక్రియ చివర. కవి పల్లవిలో క్రియను నిలిపి అనుపల్లవిలో తక్కిన వాక్యమును ఉంచినచోట్ల, గాయకులు ఎత్తుగడను మార్చి అన్వయమును చక్కపెట్టుచున్నారు. దీనిని కేవలము రాగసౌకర్యమని కొట్టివేయుట మాకు సమ్మతము గాదు. వ్యాఖ్యాత ‘అన్వయము’ అని శీర్షిక పెట్టి వ్రాయుదానిని వీరు గొంతుతో చెప్పుచున్నారు.

చరణముల విషయమును ఇట్టిదే. అచ్చున సాధారణముగ మూడు చరణములుండును. కచేరీలో తరచుగ ఒకటే పాడుదురు. ఏ చరణమును ఎన్నుకొన్నారో దానినిబట్టి నాయిక మారును. ప్రథమచరణమున నిష్ఠురమాడినది తృతీయచరణమున పూర్వస్మృతులలో మెత్తబడవచ్చును.

లయ మరియొకటి. పదము విలంబమున నడచును; ఒక్క దీర్ఘాక్షరము ఆవర్తములో పెద్దభాగము నాక్రమించును. అట్టి నడకలో సంధి కలిసిన మాటలను ఎచ్చట విడదీయవలెనన్న ప్రశ్న ఛందస్సు తీర్చునది కాదు. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగులిపిలో ప్రకటించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ గమకములకు ప్రత్యేకచిహ్నములను గూడ ఏర్పరచెను. ఆ గ్రంథము మహోపకారి. అయినను ఊపిరి తీయుచోటును, నాయిక తటపటాయించు క్షణమును ఏ చిహ్నమును చూపజాలదు. అవి గురుముఖముననే తెలియవలెను, లేదా ధ్వనిముద్రణములనుండి ఓపికతో ఏరుకొనవలెను.

అయితే గాయకుల పాఠమంతయు శిరోధార్యమని మా యభిప్రాయము కాదు. మహాప్రాణములు వ్రాతలో లేని భాషను మాటలాడు ప్రాంతమున శతాబ్దములు నోటినుండి నోటికి నడచిన సాహిత్యమున అక్షరములు తారుమారగుట సహజము. అర్థము తెలియక సాగదీసిన ప్రత్యయమొకటి, రసికులచేత తలలూపించిన సందర్భములును కలవు. ఇట్టిచోట్ల విస్సా అప్పారావుగారి సంకలనమువంటి పరిష్కృతపాఠము గాయకుని దిద్దవలెను. ఎత్తుగడ, నిలుపుదల, పునరుక్తి వంటి విషయములలో గాయకుడు పరిష్కర్తను దిద్దవలెను. ఎవరి సాక్ష్యము ఎంతవరకు చెల్లునో తెలిసికొనుటయే పరిశోధకుని పని. ఒక శాఖలో మాత్రమే కూర్చున్నవానికి అది సాధ్యము కాదు.

కాబట్టి పదముపై సిద్ధాంతవ్యాసమును సమర్పింపదలచిన విద్యార్థికి ఒక చిన్న గోష్ఠిని ఏర్పరచవలెను. ఒక గాయని, ఒక వైణికుడు, అచ్చుపాఠమును చేతబట్టిన ఒక సాహిత్యవిద్యార్థి చాలును. ఒకే పదమును రెండు ఎత్తుగడలతో, రెండు నడకలతో పాడించి, ప్రతి పర్యాయమును అర్థమున కలిగిన మార్పును వ్రాసికొనవలెను. బృంద, ముక్తల ధ్వనిముద్రణములు లభించుచున్నవి, వానితో పోల్చిచూడవలెను. మౌఖికపరీక్షలో ‘ఈ నాయిక ఖండితయా, కలహాంతరితయా?’ అని యడుగుటకు ముందు ‘ఏ పాటను విని అట్లంటివి?’ అని యడుగవలెను. దీనికి అదనపు ద్రవ్యము అంతగా అక్కరలేదు. రెండు శాఖలవారు వారమున కొక గంట ఒకే గదిలో కూర్చుండుటకు అంగీకరింపవలెను. ఆ గంట ఏ శాఖ ఖాతాలో జమకట్టవలెనన్నచోటనే, మాకు తెలిసినంతవరకు, ఇట్టి ప్రయత్నములు నిలిచిపోవుచున్నవి.