యుద్ధవార్తలలోఁ గర్తృలోపము

దూరదేశమున జరుగు యుద్ధము తెలుఁగు పాఠకునకుఁ గన్నులఁ గాన్పించునది కాదు. వాక్యరూపముననే యది యతనిని జేరును. వనస్థలిపురమున నుదయమే దినపత్రిక విప్పిన గృహస్థుఁడు "గాజాలో ఇల్లు కూలి పదిమంది మృతి" వంటి శీర్షికను జదువును. ఇల్లు కూలుట తెలిసినది, మరణము తెలిసినది. కూల్చిన వారెవరో తెలియలేదు. భూకంపమునకును బాంబునకును నొకటే వాక్యము చాలినది.

ఇట్టి లోపములను గూర్చి పాశ్చాత్యదేశములలో నలువదియేండ్లకుఁ బైఁబడి వివాదము నడచుచున్నది. 1982లో లెబనాను యుద్ధమును గూర్చి 'వాషింగ్టన్ పోస్ట్' వ్రాసిన వార్తలు ఇజ్రాయెలునకుఁ బ్రతికూలముగా నున్నవని యాక్షేపించి అమెరికాలో 'కెమేరా' యను సంఘము పుట్టెను. 1986లో వెలసిన 'ఫెయిర్' అను సంఘము, పత్రికలు ప్రభుత్వముల పలుకులనే నమ్మి బలహీనుల గోడు వినుట లేదని వాదించుచు వచ్చెను. 2000లో 'ఆనెస్ట్ రిపోర్టింగ్' ఇజ్రాయెలు పక్షమున బయలుదేఱెను. ఇంగ్లండున బి.బి.సి. పాలకులు నియమించిన సర్ క్వెంటిన్ థామస్ సంఘము 2006లో నివేదిక నొసఁగి, బుద్ధిపూర్వకమైన పక్షపాతము కానరాలేదు గాని వృత్తాంతకథనము సమగ్రముగా లేదని తేల్చెను. ఈ తీర్పు గమనింపఁదగినది. దురుద్దేశము లేకయే వాక్యము తప్పుదారిఁ బట్టింపఁగలదని దీనివలనఁ దేలుచున్నది.

ఇది యెట్లు పొసఁగునో వ్యాకరణము చెప్పఁగలదు. కారకములు వక్తృవివక్ష ననుసరించునని శాబ్దికుల సిద్ధాంతము. జరిగిన పని యొకటే యైనను "సైన్యము ఇంటిని గూల్చెను" అని కర్తృప్రధానముగాఁ జెప్పవచ్చును. "ఇల్లు సైన్యముచేఁ గూల్పఁబడెను" అని కర్మప్రధానముగాఁ జెప్పవచ్చును. "ఇల్లు కూలెను" అని కర్మమునే కర్తను జేసియుఁ జెప్పవచ్చును. కడపటిదానిని సంస్కృతమునఁ గర్మకర్తృప్రయోగ మందురు. అన్నము తనంత నుడుకుట, కట్టె తనంతఁ జీలుట దీనికి విద్యార్థు లెఱిఁగిన యుదాహరణములు. క్రియ మిక్కిలి సులభముగా సిద్ధించెనని చెప్పఁదలఁచినపుడు వక్త కర్తృవ్యాపారమును విడిచి కర్మమునకు స్వాతంత్ర్యము నారోపించును. కట్టెయెడ నిది సౌకర్యము; పసిబిడ్డలు నిద్రించుచున్న యింటియెడ నిది దోషము. ఆ యిల్లు కూలుటయందు స్వతంత్రము గాదు.

తెలుఁగున నీ దోషమునకు సాకు తక్కువ. ఆంగ్లమునఁ గాలుటకును గాల్చుటకును నొకటే క్రియ చాలును. తెలుఁగునఁ గాలు-కాల్చు, కూలు-కూల్చు, మునుఁగు-ముంచు, చచ్చు-చంపు అని వేర్వేఱు రూపములు గలవు. కావున వార్తను దెనిఁగించువాఁడు ప్రతిపర్యాయమును రెంటిలో నొకదానిని వరింపక తప్పదు. మృతిశబ్దము వ్యాధికిని వార్ధకమునకును గూడఁ జెల్లును. హతశబ్దము హంతను స్ఫురింపఁజేయును. ఒక పక్షమువారు "హతు"లై, రెండవ పక్షమువారు "మృతు"లైనచో అర్థభేదము స్పష్టము. అట్లే "ఘర్షణ" యన్నపుడు వ్యాపారము పరస్పరమగును. ఒకరు కొట్టఁగా నొకరు పడినచోట నామాట చెల్లదు.

అట్లని కర్తను జెప్పుటయే సర్వత్ర గుణము గాదు. 2023 అక్టోబరు 17న గాజాలోని అల్ అహ్లీ ఆసుపత్రియొద్ద ప్రేలుడు సంభవింపఁగా, 'న్యూయార్క్ టైమ్స్' పాలస్తీనీయుల మాటనుబట్టి అది ఇజ్రాయెలు దాడి యని తొలుత శీర్షిక నుంచెను. ఇజ్రాయెలు ఆ యారోపణను ద్రోసిపుచ్చి, పాలస్తీనా సాయుధుల రాకెట్టు గుఱితప్పినదనెను. 23వ తేదీన ఆ పత్రికాసంపాదకులు తొలి వార్తలో హమాసు మాటపై మితిమీఱి యాధారపడితిమని యొప్పుకొనిరి. ఎఱిఁగియుఁ గర్తను విడుచుట యెంత దోషమో, యెఱుఁగక కర్తను గల్పించుటయు నంత దోషము.

అదే నెల 7వ తేదీన హమాసు జరిపిన దాడిలో దాదాపు 1,200 మంది హతులైరి. ఆ దాడిచేసినవారిని బి.బి.సి. తన మాటగా "ఉగ్రవాదు"లనక పోవుటచే నిరసనలు చెలరేఁగెను. అట్టి పేరు తీర్పు చెప్పునది యని ఆ సంస్థ సమాధానము. సమాధానము యుక్తమో కాదో యనుటకంటె, అదే నియమము ఉభయపక్షములయందును బాటింపఁబడెనా యని విచారించుట మేలు.

ఆక్షేపకసంఘముల లోపమును నిచ్చటనే కలదు. తమ పక్షమునకు హానియైన వాక్యములనే యవి యేఱును. తమకు మేలైన లోపములను లెక్కింపవు. ఇఁకఁ గొందఱు సంపాదకులు "ఇరువురును మమ్ము నిందించిరి గావున మేము మధ్యస్థులము" అందురు. ఇది హేత్వాభాసము. రెండువైపులఁ దప్పినవానిని గూడ ఇరువురును నిందింతురు.

ఈ విచారము తెలుఁగువారికిఁ బరాయిది గాదు. 1990లో ఇరాకు కువైటు నాక్రమించినపుడు కడప సీమలోని కుటుంబములును, 2022లో రష్యా ఉక్రెయినుపై దండెత్తినపుడు వైద్యవిద్యార్థుల తలిదండ్రులును వార్తలపైననే ప్రాణము నిలుపుకొనిరి. ఆ ఉక్రెయిను యుద్ధవార్తలలో నసత్యములు, నుద్రేకజనకములైన శీర్షికలు వచ్చుచున్నవని 2022 ఏప్రిల్ 23న భారత సమాచార ప్రసారశాఖయే టెలివిజనువారిని హెచ్చరించెను. కాని హెచ్చరికలకంటెఁ జదువరి యెఱుక శాశ్వతమైనది. బడిపండితులు కారకముల పాఠము చెప్పునపుడు నాఁటి పత్రికనుండి యొక యుద్ధవార్త నెత్తుకొని, కర్త యెవరు, తెలిసియు విడువఁబడెనా, తెలియక విడువఁబడెనా యని బాలురచేఁ జెప్పించినచో, ఆ పాఠము పరీక్షతో ముగిసిపోదు.